భారత్ గృహ రక్ష: పాలసీ మంచిదే, ఇంట్లో మార్పుల కబురు మాత్రం మనమే చేరవేయాలి

2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి అగ్నిప్రమాద బీమా అమ్మే ప్రతి సాధారణ బీమా కంపెనీ భారత్ గృహ రక్ష పాలసీని ఇవ్వాల్సిందే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం ఇది. పాలసీ షరతులు కూడా ఆ సంస్థ రాసినవే కాబట్టి ప్రభుత్వ కంపెనీలో కొన్నా ప్రైవేటు కంపెనీలో కొన్నా మూల పాలసీలో వాక్యం మారదు. మారేవి ప్రీమియం, యాడ్-ఆన్‌లు (విడిగా డబ్బు కట్టి కలుపుకునే కవర్లు), ఫోన్ చేస్తే పలికే తీరు. ముప్పై లక్షల ఇంటికి ఏడాది ప్రీమియం మామూలుగా నాలుగంకెలు దాటదు.

కొన్న రోజున ఈ పాలసీకి పదికి ఎనిమిది మార్కులు వేయొచ్చు. ఐదేళ్ల తర్వాత, మధ్యలో ఎవరూ దాని మొహం చూడకపోతే, నాలుగు వేయడం కూడా కష్టం. ధరలు పెరిగితే సర్దుకునే ఏర్పాటు ఇందులో ఉంది. పైన గది లేపారని, పెళ్లయిందని, కింద వాటా అద్దెకిచ్చారని, నాన్నగారు పోయారని దానికి తెలిసే దారి లేదు. గోడ జరపాలంటే వాస్తు పండితుణ్ణి పిలుస్తాం, బీమా కంపెనీకి మాత్రం ఒక ఈమెయిల్ కూడా పెట్టం.

ముందు అంకె సంగతి. ఇంటి బీమా మొత్తం అంటే మార్కెట్ ధర కాదు. కార్పెట్ ఏరియాను పాలసీ మొదలైన రోజున ఉన్న నిర్మాణ ఖర్చు రేటుతో గుణిస్తే వచ్చేది. ఫారంలో చదరపు మీటర్లలో అడుగుతారు. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. హైదరాబాద్‌లో కోటి పెట్టి కొన్న 1,600 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్ తీసుకోండి. అది సూపర్ బిల్టప్ లెక్క. గోడల లోపలి కార్పెట్ ఏరియా 1,100 అడుగులు, అంటే 102 చదరపు మీటర్లు ఉందనుకుందాం. అడుగుకు 2,200 రూపాయల నిర్మాణ ఖర్చు వేసుకుంటే బీమా మొత్తం 24.2 లక్షలు. మిగతాది స్థలం విలువ, బిల్డర్ లాభం, ఏరియా పేరు. అవి వరదకు కొట్టుకుపోవు, మంటకు కాలవు. కోటికి బీమా రాయించినా పునర్నిర్మాణానికి అయ్యే ఖర్చే చేతికొస్తుంది, ఎక్కువ కట్టిన ప్రీమియం దండగ.

ఇంటికి బీమా తీసుకుంటే ఇంట్లో సామానుకు విడిగా జాబితా ఇవ్వకుండానే ఇంటి మొత్తంలో 20 శాతం కవర్ వస్తుంది. గరిష్ఠంగా పది లక్షలు. పైన చెప్పిన ఫ్లాట్‌కు అది 4.84 లక్షలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రకటించిన సాయం 25 వేలు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, బీరువాలో బట్టలు రోజుల తరబడి నీళ్లలో నానిన ఇంటికి ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ పాలసీలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది, తక్కువ మొత్తానికి బీమా చేశారని క్లెయిమ్‌లో కోత వేయకపోవడం. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఆ కోత ఉండేది. తిరిగి కట్టడానికి 40 లక్షలయ్యే ఇంటికి 30 లక్షలకే బీమా ఉండి, 10 లక్షల నష్టం జరిగితే పాత లెక్కలో ఏడున్నర లక్షలు ఇచ్చేవారు. ఇప్పుడు పదీ ఇస్తారు. అయితే ఇల్లు పూర్తిగా పోతే మాత్రం 30 లక్షలే గరిష్ఠం. కోత లేదన్నారని మొత్తాన్ని పాతకాలం అంకె దగ్గరే వదిలేస్తే దెబ్బ తగిలేది అక్కడే. ఏడాదికి మించిన పాలసీలకు బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా, మొదటి మొత్తానికి రెట్టింపయ్యే దాకా పెరుగుతుంది. పాలసీని పదేళ్ల దాకా తీసుకోవచ్చు. సిమెంటు, ఇనుము, మేస్త్రి కూలి పెరుగుదలకు ఈ ఏర్పాటు చాలావరకు సరిపోతుంది.

ఇల్లు పెరిగితే మాత్రం సరిపోదు. మినహాయింపుల్లో అందరూ దాటవేసే ఒక వాక్యం ఉంది: పాలసీ మొదలైన రోజున, లేదా రెన్యువల్ రోజున ఉన్న కార్పెట్ ఏరియాను 10 శాతానికి మించి పెంచే ఏ కట్టడానికీ, అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదు) చేయించుకోకపోతే, కవర్ లేదు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 1,200 అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఇండిపెండెంట్ ఇంటికి పదేళ్ల పాలసీ తీసుకున్నారు. పది శాతం అంటే 120 అడుగులు. రెండో ఏడు వెనక వసారా మూసి 60 అడుగుల పూజగది చేశారు. నాలుగో ఏడు 70 అడుగుల స్టోర్ రూమ్ కట్టారు. విడివిడిగా రెండూ చిన్నవే. కలిపితే 130, గీత దాటింది. పదేళ్ల పాలసీకి కొలత మొదలయ్యే రోజు పదేళ్లూ అదే. అలా కాక ఏడాదికొకసారి తీసుకునే పాలసీ అయితే ప్రతి రెన్యువల్‌కూ కొలత కొత్తగా మొదలవుతుంది కాబట్టి ఆ రెండు గదులూ పది శాతం లోపే. అలాగని రెన్యువల్ ఫారంలో పాత కొలతే మళ్లీ రాసేయకండి. కొత్త కార్పెట్ ఏరియా, కొత్త మొత్తం రాస్తేనే ఆ సౌకర్యానికి అర్థం.

పై అంతస్తు లేపేవాళ్లు, పెంట్‌హౌస్ వేసేవాళ్లు పని పూర్తయ్యాక చెబుదాంలే అనుకుంటారు. శ్లాబు వేసి నీళ్లు కట్టిన దశలోనే పెద్ద గాలివాన రావచ్చు. పని మొదలుపెట్టే ముందే ఎండార్స్‌మెంట్ ఎప్పటి నుంచి వర్తిస్తుందో రాతలో అడగండి. కడుతున్నంతకాలం కట్టడానికి వేరే పాలసీ కావాలంటే కంపెనీ అప్పుడే చెబుతుంది. పైకప్పు శ్లాబా, రేకులా అన్నది కూడా దాచకుండా రాయాలి. మున్సిపల్ ప్లాన్‌లో లేని అంతస్తు అయితే, నష్టం అంచనా వేసే సర్వేయర్ మంజూరైన ప్లాన్ కాపీ అడిగిన రోజున పేచీ తప్పదు. ప్రీమియం తీసుకున్నారు కదా అన్న వాదన అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేం. ఇంకో సంగతి: కొత్త కట్టడం సహజంగా కుదురుకునేటప్పుడు వచ్చే పగుళ్లు, నాసిరకం పనివల్ల వచ్చేవి, తవ్వకాల వల్ల నేల కుంగి వచ్చేవి భూమి కుంగుబాటు కవర్‌లోకి రావు. పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వితే మీ గోడ బీటలు వారిందా? తగువు ఆ బిల్డర్‌తోనే.

విస్తీర్ణం పెరగకపోయినా ఇంటి విలువ పెరిగే పనులు ఉంటాయి. మాడ్యులర్ కిచెన్, గోడలకు బిగించిన వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్, ఇటాలియన్ మార్బుల్ లాంటి స్థిరంగా అమర్చినవి సామాను కిందకు రావు, ఇంటి కట్టడం కిందకు వస్తాయి. కాబట్టి గృహప్రవేశానికి ముందు, బిల్డర్ ఇచ్చిన ఖాళీ ఫ్లాట్ రేటుతో పాలసీ తీసుకుని, ఆ తర్వాత ఇంటీరియర్స్‌కు పన్నెండు లక్షలు పెట్టినవాళ్లు నిర్మాణ ఖర్చు రేటునే సవరించుకోవాలి. కాంపౌండ్ వాల్, గేటు, సెప్టిక్ ట్యాంకు, ఓవర్‌హెడ్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి నిర్వచనంలోనే ఉన్నాయి. పీఎం సూర్యఘర్ సబ్సిడీతో మూడు కిలోవాట్లు పెట్టించుకున్నవాళ్లు ఇన్‌వాయిస్, ఇన్‌స్టలేషన్ రిపోర్టు జతచేసి ఆ విలువ కలిపించుకోండి. బిగింపు గట్టిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. బయటి గోడకో పైకప్పుకో భద్రంగా బిగించని వస్తువు పోతే దొంగతనం కవర్ వర్తించదు.

దొంగతనం అన్న మాటే చాలామందిని పొరబాటు పట్టిస్తుంది. ఈ పాలసీలో మామూలు దొంగతనానికి కవర్ లేదు. వరదో మంటో అల్లర్లో లాంటి కవర్ ఉన్న సంఘటన జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఉంది. తీర్థయాత్రకు వెళ్లొచ్చేసరికి తాళం పగలగొట్టి ఉంటే రూపాయి రాదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా కొనాలి, లేదా యాడ్-ఆన్‌గా తీసుకోవాలి. ఏజెంటు ఈ ముక్క మొదటే చెప్పకపోతే వేరే ఏజెంటును చూసుకోవడం మేలు.

పెళ్లిళ్ల దగ్గరికి వద్దాం. నగలు, వెండి సామాను, చిత్రపటాలు, పాతకాలపు విలువైన వస్తువులు 20 శాతం సామాను కవర్‌లో ఇమడవు. వాటికి ఐచ్ఛిక కవర్ ఉంది. ముందే ఒప్పుకున్న విలువ ప్రకారం ఇస్తారు. మొత్తం ఐదు లక్షలు మించకుండా, ఏ ఒక్క వస్తువూ లక్ష మించకుండా ఉంటే వాల్యుయేషన్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. 2025లో పది గ్రాముల బంగారమే లక్ష దాటింది కాబట్టి ఓ మాదిరి నల్లపూసల గొలుసుకు కూడా ఇప్పుడు సర్టిఫికెట్ కావాలి. ఒప్పుకున్న విలువలో ఉన్న చిక్కు ఏమిటంటే, బంగారం ధరతో పాటు అది పెరగదు. 2021లో రాయించిన హారానికి 2021 విలువే. ప్రతి రెన్యువల్‌కూ బరువు, క్యారెట్, రాళ్ల బరువు విడిగా రాసిన కొత్త సర్టిఫికెట్ పెట్టండి. కూతురు కాపురానికి వెళ్తూ నగలు పట్టుకెళ్లిందా? జాబితాలోంచి అవి తీయించేయండి, ఇంటి నుంచి వేరే చోటికి తరలించిన వస్తువుకు ఈ పాలసీ వర్తించదు. బ్యాంకు లాకర్‌కు మార్చినా అంతే. లాకర్లో అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగితే బ్యాంకు బాధ్యత, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం, ఏడాది అద్దెకు వంద రెట్లు.

పెళ్లితో వచ్చే ఇంకో మార్పు వ్యక్తిగత ప్రమాద కవర్. ఇంటి ప్రమాదంలో ప్రాణం పోతే బీమాదారుకు, జీవిత భాగస్వామికి చెరి ఐదు లక్షలు వచ్చే ఐచ్ఛిక కవర్ ఇది. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో భార్య పేరో భర్త పేరో ఉండదు కదా, చేర్పించాలి.

అద్దెకిచ్చే ఇళ్లలో తప్పులు ఎక్కువ. మీరుంటున్న ఇంటిని అద్దెకిచ్చి వేరే ఊరు వెళ్లిపోతే సామాను కవర్ మీకు పెద్దగా పనికిరాదు. అద్దెకున్నవారి సామాను మీ పాలసీలోకి రాదు, వాళ్లు సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. మీకు కావలసింది ఇంటి కట్టడానికి, ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే వచ్చే అద్దె నష్టానికి కవర్. పాలసీ షెడ్యూల్‌లో (వివరాల పట్టికలో) రాసిన అద్దె అయిదేళ్ల కిందటిదైతే వచ్చేదీ ఆ లెక్కనే. ఇల్లు నివాసానికే వాడాలి. వీధి గదిలో కిరాణా షాపు, వరండాలో టిఫిన్ సెంటర్, పై వాటాలో లేడీస్ హాస్టల్, ముందు గదిలో చీరల స్టాకు, ఇలా ఏది పెట్టినా చెప్పి తీరాలి. గ్యాస్ సిలిండర్లు నాలుగు పెట్టి ఇడ్లీ అమ్మే ఇంటికీ, ఒకటి పెట్టి వండుకునే ఇంటికీ రిస్కు ఒకటే కాదు. ఐదు కోట్ల లోపు వ్యాపార ఆస్తికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని వేరే పాలసీ ఉంది. ఆ వాటాను దాని కిందకు తీసుకెళ్లడం సరైన దారి.

పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండి అమ్మానాన్న ఆర్నెల్లు వాళ్ల దగ్గరికి వెళ్లే ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బోలెడు. పాత ఫైర్ పాలసీలో వరుసగా 30 రోజులు దాటి ఖాళీగా ఉంటే, కంపెనీ ముందే ఒప్పుకుంటే తప్ప, కవర్ ఆగిపోయేది. కొత్త పాలసీ ఉన్నా తాళం వేసి వెళ్లేముందు తేదీలు, తాళం ఎవరి దగ్గర ఉందో రాసి ఈమెయిల్ పెట్టడం పద్ధతి. మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి. పైపు పగిలితే, ట్యాంకు పొంగితే కవర్ ఉంది కానీ, నెలల తరబడి కారి గోడ నెమ్ము పట్టడం ఆ పద్దులోకి రాదు.

పేర్ల మార్పు అన్నిటికన్నా చిక్కైనది. బండి అమ్మితే థర్డ్ పార్టీ బీమా కొన్నవాడికి దానంతటదే బదిలీ అవుతుంది, మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ అలా చెబుతుంది. ఇంటికి అలాంటి ఏర్పాటు లేదు. రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి అమ్మినవాడికి ఇంట్లో హక్కు లేదు, కొన్నవాడికి పాలసీలో పేరు లేదు. కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ తేదీ నుంచే వర్తించేలా సొంత పాలసీ తీసుకోవాలి. అమ్మేవాళ్లు పాలసీ రద్దు చేసుకోవచ్చు. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు. క్లెయిమ్ లేని ఏడాది పాలసీకి మిగిలిన కాలానికి దామాషాగా డబ్బు వెనక్కి ఇవ్వాలి. కూతురికో కొడుక్కో గిఫ్ట్ డీడ్ రాసినా, అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నా యజమాని మారినట్టే. నాన్న పేరున కొనసాగిస్తే ప్రీమియం అందుతూనే ఉంటుంది, తగాదా వచ్చేది క్లెయిమ్ రోజున. యజమాని చనిపోతే డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ కాగితం పెట్టి వారసుల పేర్లు ఎక్కించండి. మ్యుటేషన్ ఆలస్యమైతే మిగతా రెండింటితోనైనా సమాచారం ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.

హోమ్ లోన్ ఉన్నవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి: లోన్‌తో పాటు కట్టించుకున్నది ఏ బీమా? చాలాసార్లు అది లోన్ తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా, ఇంటికి కాదు. పాలసీ కాగితం మీద కార్పెట్ ఏరియా, ఇంటి చిరునామా, నిర్మాణ ఖర్చు ఉంటేనే ఇంటి బీమా. ఇంటి పాలసీలో బ్యాంకు క్లాజ్ ఉంటే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. లోన్ వేరే బ్యాంకుకు మార్చినప్పుడు పాత బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం చాలా మామూలు. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు ఐదు వేలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబరు నుంచి నియమం పెట్టింది. దస్తావేజులతో పాటు, బాకీ లేదనే ఎన్‌ఓసీ తెచ్చుకున్న రోజునే దాని కాపీ బీమా కంపెనీకి పంపి క్లాజ్ తీయించండి.

ఎండార్స్‌మెంట్ కోసం పెద్ద ఫారం అవసరం లేదు. పాలసీ మీద ఉన్న ఈమెయిల్‌కు, రిజిస్టర్ చేసుకున్న మీ ఈమెయిల్ నుంచి, ఇలా రాస్తే చాలు: ‘పాలసీ నంబరు ఫలానా. ఈ ఇంటి మొదటి అంతస్తులో 480 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా అదనంగా కట్టాం. పైకప్పు ఆర్‌సీసీ శ్లాబు. నిర్మాణ ఖర్చు అడుగుకు 2,300 రూపాయలు. మంజూరైన ప్లాన్, ఫొటోలు జతచేశాం. అదనపు ప్రీమియం ఎంతో తెలిపి, ఫలానా తేదీ నుంచి వర్తించేలా ఎండార్స్‌మెంట్ ఇవ్వగలరు.’ ఏజెంటుకు వాట్సాప్‌లో చెప్పడం సమాచారం ఇచ్చినట్టు కాదు. అదనపు ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు ఇచ్చిన మినహాయింపు ఇంటి బీమాకు రాలేదు. ఎండార్స్‌మెంట్ షీటు వచ్చాక నాలుగు చూడండి: వర్తించే తేదీ, కొత్త మొత్తం, పేరులో అక్షరాలు ఆధార్‌తో కలుస్తున్నాయా, డోర్ నంబరు ఇంటి పన్ను రసీదులో ఉన్నట్టే ఉందా. డోర్ నంబర్లు మార్చిన మున్సిపాలిటీల్లో పాతదీ కొత్తదీ రెండూ రాయించడం క్షేమం. ఈ పనిలో కంపెనీల సేవ నాసిగానే ఉంది. కొనడానికి వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాలు చాలు, ఉన్న పాలసీలో ఏరియా మార్చే బటన్ కోసం వెతుక్కోవాలి.

క్లెయిమ్ దగ్గర నియమాలు మెరుగయ్యాయి. లక్ష, ఆపైన నష్టానికి లైసెన్స్ ఉన్న సర్వేయర్ రావాలి. సమాచారం అందిన 24 గంటల్లో నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఆ తర్వాత ఏడు రోజుల్లో కంపెనీ తేల్చాలి. శిథిలాల తొలగింపుకు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం, ఆర్కిటెక్ట్, ఇంజినీరు ఫీజులకు 5 శాతం దాకా అదనంగా ఇస్తారు, అడగడం మరవకండి. షార్ట్ సర్క్యూట్ అయి ఏసీ కాలితే ఆ ఏసీకి రాదు, దాన్నుంచి అంటుకున్న కర్టెన్లకు, మంచానికి, గోడకు వస్తుంది. కంపెనీ ఒప్పుకోకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు, ఆపైన యాభై లక్షల దాకా తగాదాలకు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి). ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఇక ఏడాదికి తీసుకోవాలా, పదేళ్లకా? లోన్ తీరిపోయి, ఇంటీరియర్స్ అయిపోయి, ఇక ఇటుక కదిలించే ఆలోచన లేని అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌కు పదేళ్లది హాయి. పైన అంతస్తు వేసే ఉద్దేశమున్న ఇండిపెండెంట్ ఇంటికి, పిల్లల పెళ్లిళ్లు, పంపకాలు దగ్గర్లో ఉన్న ఇంటికి ఏడాది పాలసీయే నయం. రెన్యువల్‌కు నెల ముందు ఇంటి పన్ను రసీదు, టేపు, పాత షెడ్యూల్ ముందు పెట్టుకుని ఒక గంట కూర్చుంటే పని అయిపోతుంది.